మోటుపల్లి రేవును గుఱ్ఱపు కాళ్ళును

విజయనగర రాజ్యమునకు వచ్చిన పోర్చుగీసు వర్తకుడు ఫెర్నావ్ నూనిజ్ అనునతడు 1535 ప్రాంతమున ఆ రాజ్యముయొక్క చరిత్రమును వ్రాసియుంచెను. అందు సాళువ నరసింహరాయలను గూర్చి యొక వింత సంగతి కలదు. ఈ రాయలు హురుమంజి నుండియు, ఏడెను నుండియు గుఱ్ఱములను తెప్పించుచు, వర్తకులు కోరిన వెల నిచ్చుచుండెడివాడు. మూడు గుఱ్ఱములకు వేయి వరహాల చొప్పున, బ్రదికినదైనను చచ్చినదైనను కొనుచుండెడివాడు. నడిసముద్రమున చచ్చిన గుఱ్ఱమునకు తోకను మాత్రము కోసి తెచ్చి చూపిన చాలును; బ్రదికియున్న గుఱ్ఱమున కిచ్చు వెలనే దానికిని చెల్లించెడివాడు.

ఈ సంగతి విన్నవారు రాయల యౌదార్యమును మెచ్చుకొందురు. ఆ కాలమున గుఱ్ఱమెంత యమూల్యమో దీనివలననే తెలియుచున్నదందురు. అది నిజమే. అయితే నేడు పెద్దల యెదుట నేను విచారింపదలచినది తోకను గూర్చి గాదు, కాళ్ళను గూర్చి. చచ్చిన గుఱ్ఱమునకు తోక సాక్షి. ఓడ దిగునప్పటికి ప్రాణముతోనే యుండి, కాళ్ళు వాచి, గిట్ట చెడి, నెల తిరుగకమునుపే కుంటువడిన గుఱ్ఱమునకు సాక్షి యెవరు? దాని నష్టమునకు ఉత్తరవాది యెవరు? మన తీరమున ఏడువందల యేండ్ల క్రిందట జరిగిన గుఱ్ఱపు వర్తకమును ఈ ప్రశ్నతో చూచినచో, రాజుల దండయాత్రల కథలలో కానరాని సంగతులు కొన్ని కానవచ్చును.

ముందుగా, గుఱ్ఱములు సముద్రము దాటి రావలసిన యవసర మేమి? ఎద్దునకు మన సీమ పుట్టినిల్లు. ఒంగోలు గిత్తను ఎఱుగనివా రుండరు. గుఱ్ఱమట్లు గాదు. అరేబియా, పారసీక దేశములందలి పొడిగాలికి, గట్టినేలకు, యవలకు అలవాటుపడిన ఆ జంతువు మన దక్షిణదేశపు వేడిమి, తేమలలో చక్కగా వృద్ధి పొందలేదు. 13వ శతాబ్ది చివర ఈ తీరములను చూచిన వెనీసు యాత్రికుడు మార్కో పోలో పాండ్యుల దేశమును వర్ణించుచు, మేలుజాతి మగగుఱ్ఱమును మేలుజాతి ఆడుగుఱ్ఱముతో కూర్చినను అచ్చట పుట్టు పిల్ల చిన్నదై, వంకర కాళ్ళు గలదై, స్వారికి పనికిరానిదగుచున్నదని వ్రాసెను. అచ్చటివారు గుఱ్ఱములకు మాంసముతో కలిపి వండిన అన్నము పెట్టుచుండిరనియు చెప్పెను.

వంకర కాళ్ళన్న ఆ మాటలో అసత్యము కానరాదు. బియ్యము, తవుడు మొదలగువానిలో భాస్వరము హెచ్చు, సున్నపు పాలు తక్కువ. అట్టి మేతనే విస్తారముగా తిను గుఱ్ఱమునకు ఎముకలు గుల్లబారుననియు, ఎదుగు పిల్లలకు కాళ్ళు వంకరపోవుననియు నేటి పశువైద్యశాస్త్రము స్థాపించినది. నాటివారు దీనిని దేశదోషమనుకొనిరి. కొంత మేతదోషమని ఇప్పుడు తెలియుచున్నది. ఏది యెట్లున్నను, ఇంట పుట్టని గుఱ్ఱమును ఏటేట బయటినుండి కొనక తప్పినది గాదు. ఉత్తరమునుండి తురుష్క రౌతుల దండు దిగుచున్న కాలమున గుఱ్ఱము లేని రాజు నిలువలేడు. 1310లో కాకతీయ ప్రతాపరుద్రుడు మాలిక్ కాఫూరునకు నూఱేనుగులను, ఏడువేల గుఱ్ఱములను ఇచ్చి సంధి చేసికొనెనని ఢిల్లీ చరిత్రకారుడు బరనీ వ్రాసెను. ఆ లెక్కలో కొంత అతిశయోక్తి యున్నదనుకొన్నను, ఓరుగంటి సాలలలో వేలకొలది గుఱ్ఱములుండెనని తలంపవలసియున్నది.

ఇక మన రేవు మాట. చినగంజాము చేరువనున్న మోటుపల్లి నేడు సామాన్య గ్రామము. మొదట గుంటూరు జిల్లాలో నుండెను. 1970లో ఒంగోలు జిల్లా యేర్పడినప్పుడు అందు చేరెను. ఆ జిల్లాకే 1972లో ప్రకాశమని పేరు వచ్చెను. 2022 నుండి ఈ గ్రామము బాపట్ల జిల్లాలో నున్నది. జిల్లాలు మాఱినను ఆ యూరి శాసనస్తంభము మాఱలేదు. కాకతీయ గణపతిదేవుడు 1244–45లో వేయించిన అభయశాసన మదియే. దేశియుయ్యకొండపట్టణమను నామాంతరము గల ఈ రేవునకు వచ్చిపోవు సముద్రవర్తకులకు ఆ మహారాజు అభయమిచ్చెను.

ఆ యభయ మెట్టిదో కొంచెము వివరింపవలెను. అంతకుముందు రాజులొక ఆచారమును పాటించుచుండిరి. ఒక దేశమునుండి మఱియొక దేశమునకు బోవు ఓడ గాలివానలో చిక్కి, పగిలి, తీరమునకు కొట్టుకొనివచ్చినచో, అందలి బంగారము, ఏనుగులు, గుఱ్ఱములు, రత్నములు మొదలగు సర్వస్వమును తీరమునేలు రాజు లాగుకొనుచుండెను. గణపతిదేవుడు ఆ యాచారమును మాన్పెను. ప్రాణముకంటె ధనమే గొప్పదని తలంచి సముద్రమున సాహసించు వర్తకులయెడ కనికరము చూపుచు, నియమితమైన సుంకము తప్ప మఱేమియు గ్రహింపనని శాసించెను. ఎగుమతి దిగుమతి సరకులపై సుంకము ముప్పదింట నొకపాలుగా నిర్ణయించి, చందనము, కర్పూరము, పన్నీరు, దంతము, ముత్యములు, పగడములు, రాగి, సీసము, పట్టు, మిరియములు, పోకలు మొదలగువానికి వేర్వేరుగ రేట్లను చెక్కించెను.

పగిలిన ఓడలలో దొరకు వస్తువుల నెన్నునప్పుడు శాసనము గుఱ్ఱములను పేర్కొనుట మనకు ముఖ్యము. ఓడలలో గుఱ్ఱములు వచ్చుటయు, ఓడ పగిలినప్పుడు అవి తీరమునకు కొట్టుకొనివచ్చుటయు రాజు ఎఱిగిన విషయములు. ఈ యభయము కాకతీయులతో ముగియలేదు. 1358లో కొండవీటి రెడ్డిరాజగు అనపోతారెడ్డి అదే మోటుపల్లిలో మఱియొక శాసనము వేయించి, పరదేశ వర్తకులను ఆహ్వానించెను. కుమారగిరిరెడ్డి కాలమున అవచి తిప్పయసెట్టి యను గొప్ప వర్తకుడుండెను. శ్రీనాథుడు హరవిలాసమును అతనికే యంకితమిచ్చెను. ఆ కావ్యమున సెట్టి దేశదేశములనుండి తెప్పించు సరకులను కవి వర్ణించెను. అందు సింహళపు టేనుగుల సరసనే హురుమంజి గుఱ్ఱములు కలవు. హురుమంజి యనగా పారసీక సముద్రపు ముఖద్వారమునందలి హోర్ముజ్ ద్వీపము. కొండవీటి సీమ వర్తకుని లెక్కలలో ఆ ద్వీపపు గుఱ్ఱము చేరియుండెనని దీనివలన స్పష్టము. గుఱ్ఱములన్నియు మోటుపల్లికే వచ్చెననుట పొరపాటు. పడమటితీరపు రేవులలో దిగి భూమార్గమున తూర్పునకు నడిచినవియు పెక్కు లుండెను. ఎట్లు వచ్చినను మొదటి గండము సముద్రమే.

ఆ ఓడ యెట్టిది? హురుమంజి ఓడలను మార్కో పోలో స్వయముగ చూచి వర్ణించెను. వానికి ఇనుప మేకులు లేవు. నారికేళపు పీచుతో పేనిన త్రాటితో పలకలను కుట్టెదరు. ఒక స్తంభము, ఒక చాప, ఒక చుక్కాని. పైని కప్పు లేదు. సరకు నింపిన పిదప దానిపై తోళ్ళు పరతురు. ఆ తోళ్ళ మీద హిందూదేశమున అమ్మవలసిన గుఱ్ఱములను నిలుపుదురు. పెద్దలు ఈ మాటను కొంచెము నిలిచి ఆలోచింపవలెను. గుఱ్ఱమునకు క్రింద గట్టినేల లేదు, పలక లేదు. ఖర్జూరపు బస్తాలో, మఱేవో మూటలో ఎత్తుపల్లములుగ నుండగా, వానిపై పరచిన తోలు. నీరు పడిన తోలు ఎంత జాఱునో తోలుబొక్కెన మోసిన ప్రతివాడును ఎఱుగును. పైని ఎండ, ప్రక్కల అల. అట్టిచోట నాలుగు కాళ్ళపై నిలువవలెను.

ఎంతకాలము నిలువవలెను? 1442లో పారసీక రాయబారి అబ్దుర్ రజాక్ అరేబియా తీరమందలి కల్హాత్ రేవు విడిచి 18 దినములకు కోళిక్కోడు చేరెను. అది గాలి అనుకూలించిన ప్రయాణము. అదియు పడమటితీరము వఱకే. అచ్చటినుండి కన్యాకుమారిని చుట్టి తూర్పుతీరమున పైకి రావలెనన్న మఱికొన్ని వారములు పట్టును.

ఇక్కడ గుఱ్ఱపు కాలి నిర్మాణమును గూర్చి నాలుగు మాటలు చెప్పవలసియున్నది. సుమారు 400 కిలోగ్రాముల బరువుగల అరబ్బీ గుఱ్ఱము నిలిచియుండగా అయిదింట మూడుపాళ్ళ భారము ముందరి కాళ్ళమీదనే పడును. ఆ కాళ్ళలో మోకాలికి క్రింద కండ లేదు. ఎముక, ఎముక నంటి త్రాళ్ళవలె దిగు స్నాయువులు, వానిపైని పలుచని చర్మము మాత్రమే కలవు. కాబట్టి అచ్చట దెబ్బ తగిలిన అది తిన్నగ ఎముకకో స్నాయువునకో తగులును. గాయము మానుటయు ఆలస్యము. గిట్ట మఱియు విచిత్రమైనది. గుఱ్ఱము అడుగు వేసినప్పుడెల్ల గిట్టలోని మెత్తని భాగము నొక్కబడి, క్రిందికి దిగిన రక్తమును పైకి త్రోయును. అనగా నడకయే దాని కాళ్ళకు ఏతాము. ఏతాము ఆగిన నీరు బావిలోనే నిలిచినట్లు, నడక ఆగినచో కాళ్ళు నీరుపట్టి వాచును. గుఱ్ఱము నిలిచి కునుకు తీయగలదు గాని, గాఢనిద్రకు పండుకొనవలసినదే. ఊగు ఓడలో, ఒకదానినొకటి ఒరసికొని నిలిచిన మందలో, పండుకొను చోటెక్కడిది? పండుకొన్నదానిని ప్రక్కది త్రొక్కును. నిలిచినది ఓడ వాలినప్పుడెల్ల తన కాలితో తనవే కాళ్ళను కొట్టుకొనును.

ఇట్లు కొన్ని వారములు గడచి రేవు చేరినదనుకొందము. మోటుపల్లి వంటి తీరమున నేటి ఓడరేవులవలె ఱాతికట్టలు లేవు. ఇసుకతీరము, పొర్లు కెరటము. ప్రయాణములో బిగిసిన కాళ్ళతో గుఱ్ఱము మెత్తని ఇసుకలో దిగవలెను. ఇసుకలో గిట్ట దిగబడును. దిగబడిన గిట్టను లాగునప్పుడు వెనుకటి స్నాయువుపై భారము పడును. ఇసుక దాటిన పిదప మన నల్లరేగడి. ఈ నేల స్వభావమును పెద్దలకు నేను చెప్పనక్కఱలేదు. వానకాలమున గిట్టకు ముద్దగ నంటుకొని లాడమును సైతము ఊడలాగును. వేసవిలో నెఱ్ఱెలు విచ్చును. నెఱ్ఱెలో గిట్ట చిక్కుకొన్న గుఱ్ఱమునకు కాలు విఱుగును. మోటుపల్లినుండి కొండవీడునకు అరువది కిలోమీటర్లకు తక్కువ లేదు. ఓరుగల్లునకు గీత గీసి కొలిచినను 250 కిలోమీటర్లు దాటును, నడుమ కృష్ణ. నాడు గుఱ్ఱమును మోయు బండి లేదు. దాని ప్రయాణము దాని కాళ్ళ మీదనే సాగవలెను.

అట్లు చేరిన గుఱ్ఱమును ఏమి చేసిరి? 14వ శతాబ్ది మొదట వస్సాఫ్ అను పారసీక చరిత్రకారుడు, పాండ్యదేశమున దిగిన గుఱ్ఱములను గూర్చి చెప్పిన సంగతి వినదగినది. గుఱ్ఱములను సాలలో గుంజలకు త్రాళ్ళతో కట్టి, నలువది దినములు కదలనీయక, వేయించిన ధాన్యమును నేతితో కలిపి పెట్టి, కాచిన ఆవుపాలు త్రాపి బలిపించెదరట. పిదప ఏ శిక్షయు నీయకయే ఒక్కసారిగ ఎక్కి భూతములవలె పరుగెత్తించెదరట. కొలది దినములలోనే బలమైన గుఱ్ఱములు నీరసించి పనికిరానివగుచున్నవట. ఓడలో నెలదినములు కదలక నిలిచిన కాళ్ళను మఱి నలువది దినములు కట్టివేయుట, మీదుమిక్కిలి నేయి, ధాన్యము మేపుట. ఇట్టి మేపువలన గిట్టలోపలి పొర వాచి తీఱని కుంటు కలుగునని నేటి పశువైద్యులు హెచ్చరించుచుందురు. కట్టినవారికి దురుద్దేశము లేదు. ఖరీదైన జంతువును గారాబము చేయుచున్నామనియే వారు తలంచిరి.

మార్కో పోలో దీనికి మఱియొక కారణమును చెప్పెను. పాండ్యరాజు ఏటికి రెండువేలకు పైగా గుఱ్ఱములు కొనును. అతని సోదరులును అట్లే కొందురు. ఏడాది తిరుగునప్పటికి నూఱు గుఱ్ఱములైనను మిగులవు. ఏలయన అచ్చట గుఱ్ఱపు వైద్యము, లాడపు పని తెలిసినవారు లేరు. గుఱ్ఱముల నమ్ము వర్తకులు అట్టివారిని తమతో తీసికొనిరారు, వచ్చువారిని రానీయరు. గుఱ్ఱములు చచ్చినగాని మఱుసటి యేడు బేరము లేదుగదా! పరదేశపు వర్తకులమీద యాత్రికుడు కొంత కసి తీర్చుకొనెనేమో యని సందేహింపవచ్చును. అయితే వస్సాఫ్ వ్రాసిన బేరపు షరతులను దీని ప్రక్కన పెట్టి చూచినచో, ఆ మాట తేలికగ త్రోసివేయదగినది గాదు.

ఆ షరతులేవి? పారసీక సముద్రమునందలి కైస్ ద్వీపపు ప్రభువు జమాలుద్దీను ఏటేట 1,400 గుఱ్ఱములను పాండ్యదేశమున దింపుటకు ఒడంబడిక జరిగెను. ఒక్కొక్క గుఱ్ఱమునకు వెల 220 బంగారు దీనారములు. ప్రయాణములో గుఱ్ఱమునకు గాయమైనను, అది చచ్చినను, వెల రాజభాండాగారమునుండియే చెల్లును. అంతకుముందు అబూబకర్ అను ప్రభువు కాలమున, ఒక్కొక్క యేడు పాండ్యదేశము, ఖంబాతు మొదలగు రేవులకు పదివేల గుఱ్ఱములు దిగెననియు, వాని వెల ఇరువదిరెండు లక్షల దీనారములయ్యెననియు అతడే వ్రాసెను. పదివేలను 220తో హెచ్చించిన సరిగా అంతియే వచ్చును.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వచ్చుచున్నాను. గాయమునకు పూచీ రాజుదైనప్పుడు, ఓడలో తోలుపై మఱియొక వరుస గడ్డి పఱచుటకు నాఖుదాకు ఏమి పట్టినది? ఇరువది గుఱ్ఱములు పట్టుచోట ముప్పది నెక్కించిన లాభమే గాని నష్టమేమి? చచ్చిన పదింటికిని తోకలు చూపవచ్చును. వర్తకుడు దయలేనివాడని నేననుట లేదు. ఒడంబడిక అతనిని జాగ్రత్తపడనక్కఱలేని వానిని చేసెను. ధన మిచ్చువాడొకడు, జంతువును చేతబట్టువాడు మఱియొకడు అయినప్పుడు, నడుమ నలిగినది కాలు.

దీనికి ప్రత్యుత్తరము లేకపోలేదు. ఆ పూచీ లేకున్న ఏ వర్తకుడు గుఱ్ఱమును సముద్రమున కెక్కించును? గాలి మనిషి చేతిలో లేదు. ఓడ పగిలినప్పుడు సర్వస్వమును పోగొట్టుకొను భయము నున్నచోట వర్తకమే పుట్టదు. గణపతిదేవుడు ఈ సత్యమును గ్రహించియే యభయమిచ్చెను. ఆ శాసనము మన తెలుగువారి రాజనీతికి కీర్తిస్తంభమనుటలో సందేహము లేదు. అయితే గణపతిదేవుని యభయమునకును, సాళువ నరసింహుని తోకవెలకును భేదము గమనింపవలెను. గణపతిదేవుడు వర్తకుని సొత్తును వర్తకునికే విడిచెను. ఓడ పగిలి గుఱ్ఱము ఒడ్డున పడిన, అది వర్తకునిదే. దాని మేలు కీడులు అతనివే. కాబట్టి దానిని బ్రదికించుకొను శ్రద్ధయు అతనిదే. చచ్చినదానికి వెల కట్టుదునని ఆ శాసనము చెప్పలేదు. దైవికమైన ఆపదకు అభయము వేఱు. మానవుని అజాగ్రత్తకు పరిహారము వేఱు. మొదటిది వర్తకమును పెంచును. రెండవది గుఱ్ఱములను చంపును.

ధనముతో కొనరానిది మఱియొకటి కలదు. అది గుఱ్ఱమును పోషించు చేతి విద్య. మనకు అశ్వశాస్త్రము లేకపోలేదు. సంస్కృతమున శాలిహోత్రుని పేరనున్న గ్రంథములు ప్రసిద్ధములు. తెలుగున మనుమంచిభట్టు హయలక్షణమును పద్యములలో రచించెను. ఏనుగుల మాటకు వచ్చిన, గణపతిదేవుని కొలువులో గజసాహిణి పదవియే యుండెను. చేబ్రోలు నేలిన జాయపసేనాని ఆ పదవి నందినవాడే. ఏనుగు మన యడవులలో పుట్టినది. మావటివాని విద్య తండ్రినుండి కొడుకునకు ఇంటనే వచ్చెను. గుఱ్ఱము ఏటేట క్రొత్తగ వచ్చుచు, ఏటేట చచ్చుచుండెను. పదేండ్లు ఒక గుఱ్ఱమును సాకినవాడుగదా దాని కాలి స్వభావము నెఱుగును! ఏడాదిలో పోవు జంతువును గూర్చిన విద్య నిలుచుట కష్టము. సుడులను, రంగులను, శుభాశుభములను గ్రంథములు భద్రపఱచినవి. గిట్టను చెక్కి లాడము కొట్టు నేర్పు మాత్రము గ్రంథమున నిలుచునది గాదు. అది చేతినుండి చేతికి రావలెను.

విజయనగరపు రాజులు ఈ లోపమును కొంత గుర్తించిరి. 1515లో కొండవీటి దుర్గమును గెలిచిన కృష్ణదేవరాయలు హురుమంజి గుఱ్ఱములను, దేశవాళీ గుఱ్ఱములను కలిపి ఏటికి పదుమూడువేలు కొనుచుండెనని నూనిజ్ లెక్క. ఆ రాయలే ఆముక్తమాల్యదలో, రాజు రేవులను బాగుచేసి గుఱ్ఱములు, ఏనుగులు, రత్నములు మొదలగువానిని రప్పింపవలెననియు, తుపానువలన, రోగమువలన దిగిన పరదేశీయులను ఆదరింపవలెననియు, దూరదేశపు వర్తకులకు ఇండ్లను, ఊళ్ళను ఇచ్చి దగ్గఱ నుంచుకొనవలెననియు రాజనీతి చెప్పెను. వర్తకుడు వచ్చి దిగి పోవువాడుగాక, ఊరివాడై నిలిచినచో, అమ్మిన గుఱ్ఱము కుంటినప్పుడు అతని ముఖము చూచి అడుగువారుందురు. నేటికిని హంపిలో మహానవమి దిబ్బ గోడలమీద టోపీలు ధరించిన పరదేశీయులు గుఱ్ఱములను నడిపించుకొనివచ్చు శిల్పములు కలవు.

కాలము మాఱినది. మోటుపల్లి రేవు వెనుకబడెను. ఓడలు వేఱు రేవులకు పోయెను. 19వ శతాబ్దిలో ఆంగ్లేయుల దండునకు ఆస్ట్రేలియానుండి వేలర్లను గుఱ్ఱములు చెన్నపట్టణమునకు వచ్చుచుండెను. న్యూ సౌత్ వేల్స్ నుండి వచ్చుటచే వానికి ఆ పేరు కలిగెను. మన సీమనుండియు పశువులు సముద్రము దాటినవి. 1960 దశకము మొదట ఒంగోలు చేరువనున్న కరవది గ్రామము పేరుగల ఆబోతు బ్రెజిలు దేశమునకు పోయి, అచ్చటి పశుసంతతికి మూలపురుషులలో నొకటియై ప్రసిద్ధి కెక్కెను. నేడు గుఱ్ఱమైనను గిత్తయైనను ఎక్కువగ లారీమీదనే పోవుచున్నది. వాహనము మాఱినను కాలు మాఱలేదు. లారీ మలుపు తిరిగినప్పుడు, ఒక్కుమ్మడి నిలిచినప్పుడు, ఓడ అలపై వాలిన రీతిగనే జంతువు నాలుగు కాళ్ళను నొక్కి నిలద్రొక్కుకొనవలెను.

ఇప్పటి పశువైద్యులు చెప్పు జాగ్రత్తలు పెద్దలకు కొత్తవి గావు. కారణములు మాత్రము ఇప్పుడు స్పష్టముగ తెలిసినవి. క్రింద కాలు జాఱకుండ కొబ్బరిపీచు చాపయో, ఇసుకయో, గడ్డియో దట్టముగ పఱవవలెను. గుఱ్ఱమునకు మోకాలి క్రిందినుండి గిట్ట మొదటి వఱకు దూదిపొర చుట్టి, దానిపై గుడ్డపట్టీని సమముగ కట్టవలెను. దూదికి మన సీమలో కొదువ లేదు గదా! పట్టీ ఒకచోట బిగిసి ఒకచోట వదులైనచో మేలుకంటె కీడెక్కువ: బిగిసినచోట స్నాయువునకు రక్తము అందదు, వదులైనది జాఱి కాళ్ళకు చుట్టుకొని గుఱ్ఱమును బెదరించును. పట్టీ ఎఱుగని గుఱ్ఱమునకు ప్రయాణపుదినముననే మొదటిసారి కట్టరాదు. నాలుగు దినములు ముందుగ ఇంటిముంగిట కట్టి నడిపించి అలవాటు చేయవలెను. తల వంచి ఎత్తుటకు వీలుగ పగ్గము విడువవలెను. దారిలో ఆపి నీరు పెట్టవలెను. దిగిన పిదప పట్టీలు విప్పి, కాళ్ళు తడిమి చూచి, మెల్లగ నడిపింపవలెను. వెంటనే కట్టివేయరాదు, వెంటనే పరుగెత్తింపరాదు. వస్సాఫ్ వ్రాసిన నలువది దినముల సాలకు ఇది సరిగా ప్రతికూలము.

ప్రభుత్వమును చట్టము చేసినది. 1960 నాటి జంతుహింసా నివారణ చట్టము క్రింద 1978లో పశువుల రవాణా నిబంధనలు వెలువడెను. సామాన్యమైన సరకుల లారీలో ఆఱు పశువులకు మించి ఎక్కింపరాదనియు, క్రింద పీచుచాపవంటి జాఱని పఱపు వేయవలెననియు, గుఱ్ఱముల నడుమ వెదురు అడ్డుకట్టలు కట్టవలెననియు, అవి బెదరకుండ ఎదుటినుండి వచ్చు బండ్లకు దూరముగ ఎడమవైపునకు తలలు త్రిప్పి నిలుపవలెననియు అందు విధించిరి. ఏడువందల యేండ్ల క్రిందట శాసనము ఓడ సొత్తును కాపాడెను. ఈ నిబంధనలు జంతువు నిలుచు నేలను సైతము కాపాడుచున్నవి. ఇది నిజమైన అభివృద్ధి. అయితే రేవునందలి ఱాతిస్తంభమును చూచి ఓడలో తోలు పఱచు కూలివాడు తన పనిని మార్చుకొనెనా? కాగితముమీది నిబంధనయు అట్టిదే. లారీ వెనుక తలుపు వేయు సమయమున అచ్చట నిలిచిన పెద్దమనిషి అడిగినగాని అది నెఱవేఱదు.

కావున గ్రామములందు సంతకో, ప్రదర్శనమునకో, పందెమునకో పశువును పంపునప్పుడు బేరమాడు పెద్దలకు నా మనవి యొక్కటి. కిరాయి మాటాడునప్పుడే, దారిలో కాలు చెడిన నష్టమెవరిదో మాటాడుకొనుడు. ఆ నష్టములో కొంతపాలు తోలువానిదిగ నుండనిండు. తుపానువంటి దైవికమునకు మాత్రము అతనిని క్షమింపుడు. పశువు వెంట దాని నెఱిగిన మనిషి నొకనిని పంపుడు. దిగినచోట మొదట దాని కాళ్ళు చూచి, పిదపనే మిగిలిన కిరాయి చెల్లింపుడు. తోకకు వెలకట్టిన రాజ్యములో గుఱ్ఱములు నిలువలేదు. కాలు చూచి వెల చెల్లించు ఊరిలో పశువు నిలుచును.